గడప దాటిన భీమ్‌రావు - మనకు మిగిల్చిన బతుకు పాఠాలు

ప్రతి ఏడాదీ పరీక్షలు అయిపోగానే మన హాస్టల్ నుంచి కొందరు ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని బయటికి వెళ్తారు. ఒకరు పై చదువుకు పట్నం పోతారు, ఒకరు ఉద్యోగం వెతుక్కుంటూ పోతారు. ఇక్కడ ఉన్నంతకాలం గంట కొడితే లేచాం, గంట కొడితే తిన్నాం, గంట కొడితే పుస్తకం పట్టాం. బయట గంట కొట్టేవాళ్లు ఉండరు. ఎప్పుడు లేవాలో, ఎంత ఖర్చు పెట్టాలో, ఎవరితో తిరగాలో మనమే నిర్ణయించుకోవాలి. పట్నం పోయే పిల్లలకు నాలుగు మాటలు చెప్పి పంపే తండ్రులు మనలో చాలామందికి లేరు. ఉన్నా, ఆ తండ్రులు పొలం దాటి, ఊరు దాటి వెళ్లినవారు కారు. వాళ్ల ప్రేమకు లోటు లేదు గానీ పట్నం సంగతి వాళ్లకు తెలియదు.

అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో మనందరికీ తండ్రిలాంటి ఒక మనిషి గురించి రాస్తున్నాం. మన స్టడీ హాలు గోడ మీద ఆయన ఫోటో ఉంది. ప్రతి ఏప్రిల్ 14న దండ వేస్తాం. రాజ్యాంగం రాసిన అంబేద్కర్ మనకు బాగా తెలుసు. కానీ ఇల్లు వదిలి, ఊరు వదిలి, దేశం వదిలి, చేతిలో చాలీచాలని డబ్బుతో బతకడం నేర్చుకున్న ఇరవై రెండేళ్ల భీమ్‌రావు మనకు అంతగా తెలియడు. మిత్రులారా, ఈసారి ఆ కుర్రవాడిని చూద్దాం.

తండ్రి ఇచ్చిన ఆస్తి

భీమ్‌రావు 1891 ఏప్రిల్ 14న మధ్యభారతంలోని మౌ అనే సైనిక పట్టణంలో పుట్టారు. తల్లిదండ్రులకు ఆయన పద్నాలుగో సంతానం. తల్లి భీమాబాయి ఆయన చిన్నతనంలోనే చనిపోయారు. తండ్రి రామ్జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. కబీరు మార్గాన్ని నమ్మిన మనిషి. మద్యం ముట్టరు. ఉదయం సాయంత్రం ఇంట్లో భజన జరగాల్సిందే, పిల్లలు కూర్చోవాల్సిందే.

రిటైరైన తర్వాత రామ్జీ చేతిలో మిగిలింది చిన్న పెన్షన్. అయినా కొడుకుకు ఇంగ్లీషు, అనువాదం, లెక్కలు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు. భీమ్‌రావు పుస్తకం కావాలని అడిగితే రామ్జీ కాదనలేదు. చేతిలో డబ్బు లేకపోతే పెళ్లయిన కూతుళ్ల ఇంటికి వెళ్లి అప్పు అడిగేవారు. వాళ్ల దగ్గరా లేకపోతే వాళ్ల నగ తీసుకుని కుదువ పెట్టి పుస్తకం కొనేవారు. పెన్షన్ రాగానే నగ విడిపించి కూతురికి ఇచ్చేవారు.

ఇందులో మనం గమనించాల్సినవి రెండు. మొదటిది, అప్పు దేనికి చేయవచ్చో రామ్జీకి తెలుసు. రెండోది, తీసుకున్నది తిరిగి ఇచ్చే రోజు కూడా ఆయనకు తెలుసు. ఈ రెండూ తెలిసినవాడికి అప్పు ఉరితాడు కాదు.

బొంబాయిలో వాళ్ల కాపురం పరేల్ ప్రాంతంలో కార్మికులుండే చాల్‌లో. ఒకే గది. వంట అక్కడే, పడక అక్కడే, చదువు అక్కడే. అందరూ ఒకేసారి పడుకోవడానికి చోటు చాలదు. అందుకని భీమ్‌రావు పెందలాడే నిద్రపోయేవారు. రామ్జీ రాత్రి రెండు గంటల దాకా మేలుకుని, అప్పుడు కొడుకును లేపి చదువుకు కూర్చోబెట్టి, తాను నడుం వాల్చేవారు. కిరసనాయిలు దీపం వెలుగులో తెల్లారేదాకా చదువు సాగేది. మన హాస్టల్లో ఒక గదిలో ఎంతమందిమి ఉంటున్నామో మనకు తెలుసు. చదువుకు విడిగా గది లేదని బాధపడేవాళ్లు ఆ చాల్ గదిని ఒకసారి ఊహించుకోండి.

అర్ధణా నేర్పిన పాఠం

భీమ్‌రావు చిన్నప్పటి నుంచీ బుద్ధిమంతుడేమీ కాదు. అల్లరి ఎక్కువ, పంతం ఎక్కువ. సతారాలో ఉన్నప్పుడు తండ్రి రెండో పెళ్లి చేసుకున్నారు. అది ఆ పిల్లవాడికి నచ్చలేదు. ఇంటి మీద ఆధారపడకూడదని, బొంబాయి పారిపోయి మిల్లులో పని చేసుకుని బతకాలని అనుకున్నాడు. రైలు చార్జీకి డబ్బు కావాలి. తమను పెంచుతున్న మేనత్త నడుముకు కట్టుకునే డబ్బు సంచి మీద కన్ను పడింది. మూడు రాత్రులు ప్రయత్నించినా చేతికి రాలేదు. నాలుగో రాత్రి చేతికొచ్చింది. విప్పి చూస్తే అందులో ఉన్నది అర్ధణా.

ఆ అర్ధణా ఆయన్ని సిగ్గుతో చంపేసింది. ఇంటి పరిస్థితి ఏమిటో ఆ సంచి చెప్పింది. పారిపోవడం దారి కాదని, చదివి తన కాళ్ల మీద తాను నిలబడడమే దారి అని ఆ రాత్రే నిశ్చయించుకున్నారు. పెద్దయ్యాక ఈ సంగతి ఆయనే దాచకుండా చెప్పుకున్నారు. ఇంటి మీద కోపంతో గడప దాటడం వేరు, ఇంటి కోసం గడప దాటడం వేరు. బట్టలు సర్దుకునే ముందు మనం ఏ రకంగా వెళ్తున్నామో ఆలోచించుకోవాలి.

నీళ్లు దొరకని ప్రయాణం

1901 వేసవిలో రామ్జీ కోరేగావ్‌లో కరువు పనుల దగ్గర క్యాషియరుగా ఉన్నారు. సెలవులకు రమ్మని పిల్లలకు రాశారు. భీమ్‌రావు, అన్న, అక్క కొడుకులు కొత్త బట్టలు వేసుకుని రైలెక్కి మసూర్ స్టేషన్లో దిగారు. తాము వస్తున్నామని రాసిన ఉత్తరం సంగతి నౌకరు మరచిపోవడంతో రామ్జీకి తెలియలేదు. ఎవరూ రాలేదు. ఏ కులమని స్టేషన్ మాస్టరు అడిగితే పిల్లలు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆ తర్వాత ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి వాళ్లే తోలుకునే షరతు మీద ఒకడు ఒప్పుకున్నాడు. వెంట అన్నం ఉంది గానీ నీళ్లు లేవు. దారిలో ఎవరూ పోయలేదు. ఆ రాత్రి తిండి ముట్టకుండానే పడుకున్నారు.

ఈ సంఘటన ఆయన మనసులో జీవితాంతం ఉండిపోయింది. బడిలో విడిగా గోనె పట్టా మీద కూర్చోవడం, ప్యూన్ వచ్చి పోస్తేనే నీళ్లు తాగడం, మంగలి చేయి వేయడని ఇంట్లో అక్కే క్షవరం చేయడం ఇవన్నీ అంతకు ముందే అలవాటైపోయాయి. దారిలో పడిన దాహం మాత్రం కొత్తది. బయటి ప్రపంచం తమను ఎలా చూస్తుందో ఆ పిల్లలకు మొదటిసారి పూర్తిగా అర్థమైంది.

మార్కుల సంగతి

1907లో భీమ్‌రావు మెట్రిక్యులేషన్ పాసయ్యారు. వచ్చిన మార్కులు 750కి 282. మనలో చాలామంది కంటే తక్కువే. కానీ ఆ కులం నుంచి ఆ మెట్టు ఎక్కడం అప్పట్లో అంత అరుదు కాబట్టి సభ పెట్టి అభినందించారు. సంస్కృతం చదవాలనుకుంటే చదవనివ్వలేదు, పారశీకం తీసుకున్నారు.

అభినందన సభకు వచ్చినవారిలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు, రచయిత ఉన్నారు. పార్కులో రోజూ ఒంటరిగా కూర్చుని చదువుకునే ఈ కుర్రవాడిని అంతకు ముందే గమనించి పలకరించారు. తాను మరాఠీలో రాసిన బుద్ధుని చరిత్రను ఆ సభలో బహుమతిగా ఇచ్చారు. ఇంటర్ తర్వాత రామ్జీ చేతిలో డబ్బు అయిపోయినప్పుడు ఆయనే బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ దగ్గరకు తీసుకెళ్లారు. నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. దాంతో 1912లో బి.ఏ. పూర్తయింది.

మనల్ని గమనించే పెద్దమనిషి ఎక్కడో ఒకచోట ఉంటారు. అయితే పార్కులో పుస్తకం పట్టుకుని కూర్చుంటేనే ఆయన కంట పడతాం. సాయం అడగడం చిన్నతనం కాదు. అడిగే ముందు చేయాల్సిన పని చేసి ఉండాలి, అంతే.

సూరత్ స్టేషన్

చదువు కాగానే భీమ్‌రావు బరోడా సంస్థానంలో ఉద్యోగానికి బయల్దేరారు. రామ్జీకి ఇష్టం లేదు. అక్కడ కొడుక్కి అవమానాలు తప్పవని ఆయన భయం. స్కాలర్‌షిప్ ఇచ్చినవారి రుణం తీర్చుకోవాలని కొడుకు పట్టుదల. 1913 జనవరిలో వెళ్లారు. కొద్ది రోజులకే తండ్రికి ప్రాణం మీదికి వచ్చిందని తంతి అందింది. వెంటనే బొంబాయికి రైలెక్కారు.

దారిలో సూరత్ స్టేషన్లో తండ్రి కోసం మిఠాయి కొందామని దిగారు. కొంటూ ఉండగానే రైలు కదిలిపోయింది. మరో బండి పట్టుకుని మర్నాడు ఇల్లు చేరేసరికి తండ్రి ఆఖరి ఘడియల్లో ఉన్నారు. కళ్లు కొడుకు కోసమే వెతుకుతున్నాయి. కొడుకు వీపు మీద ఒకసారి చేయి వేశారు. ప్రాణం పోయింది. 1913 ఫిబ్రవరి 2. అది తన జీవితంలో అతి దుఃఖకరమైన రోజుగా అంబేద్కర్ ఎప్పటికీ తలుచుకునేవారు.

ఇంటికి దూరంగా ఉండే మనం ఈ ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో వాళ్లు మన చేతిలో మిఠాయి ఉందో లేదో చూడరు. మనం వచ్చామా లేదా అన్నదే చూస్తారు. జీతం పెరిగాక వెళ్దాం, మంచి చొక్కా కొన్నాక వెళ్దాం అనుకుంటూ పండుగలు దాటేయకండి.

న్యూయార్క్ లో లెక్క

ఆ ఏడాదే విదేశాల్లో చదవడానికి గైక్వాడ్ స్కాలర్‌షిప్ ఇచ్చారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. చదువయ్యాక పదేళ్లు బరోడాకు పని చేస్తానని 1913 జూన్ 4న ఒప్పందం మీద సంతకం చేశారు. జూలైలో న్యూయార్క్ చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు.

అక్కడి హాస్టల్ తిండి పడలేదు, చోటు మార్చారు. కులం అడగని మనుషుల మధ్య, అందరితో ఒకే బల్ల దగ్గర తినడం, నడవడం, కూర్చోవడం ఆయనకు కొత్త. మొదటి కొన్ని నెలలు స్నేహితులతో సరదాగా గడిచిపోయాయి. ఒక రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇంటి దగ్గర భార్య రమాబాయి పడే కష్టం, తనను నమ్మి డబ్బిచ్చినవారు, తండ్రి కోరిక అన్నీ గుర్తొచ్చాయి. ఆ రాత్రి నుంచి ఆయన వేరే మనిషి. రోజుకు పద్దెనిమిది గంటల చదువు.

వచ్చిన స్కాలర్‌షిప్‌లోనే ఇంటికి పంపాలి. కాబట్టి సినిమాలు లేవు, షికార్లు లేవు. ఒక కాఫీ, రెండు రొట్టెలు, కొద్దిగా మాంసమో చేపో - అదే భోజనం. మిగిల్చిన డబ్బుతో పాత పుస్తకాల షాపులు తిరిగి దాదాపు రెండు వేల పుస్తకాలు కొన్నారు. 1915లో ఎం.ఏ. పట్టా వచ్చింది. అక్కడే నవల్ భథేనా అనే పార్సీ యువకుడితో స్నేహం కుదిరింది. అది చదువుతో ముగిసిపోలేదు. లండన్ చదువు ఆగిపోబోయినప్పుడు, బారిస్టరుగా ప్రాక్టీసు మొదలుపెట్టడానికి చేతిలో రూపాయి లేనప్పుడు ఆదుకున్నది ఆ మిత్రుడే. మంచి స్నేహితుడు ఒక్కడున్నా చాలు అని పెద్దలు ఊరికే అనలేదు.

పదకొండో రోజు

1916లో లండన్ వెళ్లి చదువు మొదలుపెట్టారో లేదో స్కాలర్‌షిప్ గడువు తీరింది. 1917లో తిరిగి రావాల్సి వచ్చింది. ముందుగా ఓడలో పంపిన సామాను, పుస్తకాలతో సహా, యుద్ధంలో జలాంతర్గామి దాడికి సముద్రం పాలైంది. సామానుకు వచ్చిన నష్టపరిహారంతోనే బరోడా ప్రయాణం చేశారు.

బరోడాలో ఉద్యోగం ఉంది, ఉండటానికి ఇల్లు లేదు. అంటరానివాడికి ఎవరూ అద్దెకివ్వరు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పి రోజుకు రూపాయిన్నరకు చీకటి గదిలో దిగారు. ఆఫీసులో గుమాస్తాలు ఫైళ్లు దూరం నుంచి విసిరేవారు. పదకొండో రోజు పొద్దున పదిమందికి పైగా పార్సీలు కర్రలతో వచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని ఆశ్రయం అడిగితే ఏదో ఒక సాకు చెప్పారు. కామాఠీ బాగ్ తోటలో సాయంత్రం దాకా కూర్చుని, రాత్రి తొమ్మిది గంటల బండికి బొంబాయి వెళ్లిపోయారు. అమెరికాలో, లండన్‌లో చదివిన మనిషికి ఒక ఊళ్లో ఒక గది దొరకలేదు.

ఈ సంగతి మనకు చరిత్ర పాఠంలా అనిపించదు. పట్నంలో గది అద్దెకు అడిగినప్పుడు ముందు ఊరు, తర్వాత ఇంటి పేరు, చివరికి అసలు ప్రశ్న ఇప్పటికీ వస్తుంది. అప్పుడు ఏం చేయాలి? భీమ్‌రావు పేరు మార్చుకున్నది ఒక్కసారే. ఆ భయంతో గడిపిన పదకొండు రోజుల్ని ఆయన తర్వాత ఎప్పుడు తలుచుకున్నా కన్నీళ్లు వచ్చేవట. ఆ తర్వాత ఆయన దాక్కోలేదు. అందుకే మేము చెప్పేది ఏమిటంటే, ఒక్కరే వెళ్లి గది వెతకవద్దు. ముందు వెళ్లిన మన హాస్టల్ అన్నల్ని, అక్కల్ని అడగండి. ముగ్గురు నలుగురు కలిసి తీసుకోండి. అడ్వాన్సు ఇస్తే రశీదు తీసుకోండి. అబద్ధం చెప్పి దొరికిన గదిలో నిద్ర పట్టదు.

మళ్లీ మొదటి నుంచి

బొంబాయి వచ్చాక ఇద్దరు విద్యార్థులకు ట్యూషన్ చెప్పారు. షేర్ల వ్యాపారంలో సలహాలిచ్చే ఆఫీసు తెరిచారు. ఆయన కులం తెలియగానే వచ్చేవాళ్లు రావడం మానేశారు. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కళాశాలలో ప్రొఫెసర్ ఉద్యోగం దొరికింది. జీతం 450 రూపాయలు. అక్కడా స్టాఫ్ రూంలో కుండలో నీళ్లు ఆయన తాగకూడదని కొందరు అభ్యంతరం పెట్టారు. ఆయన పాఠం మాత్రం ఇతర కాలేజీల విద్యార్థులు కూడా వచ్చి వినేవారు.

జీతం పెరిగినా ఇల్లు మారలేదు. పరేల్‌లోని చాల్‌లో రెండు గదుల్లోనే కాపురం. రమాబాయికి ఇంటి ఖర్చుకు ఇంత అని కచ్చితంగా ఇచ్చి మిగిలింది దాచారు. ఆ పొదుపుతో, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయంతో, భథేనా ఇచ్చిన 5,000 రూపాయల అప్పుతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. పొద్దున ఒక రొట్టె ముక్క, టీ. ఎనిమిదింటికల్లా బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో హాజరు. మధ్యాహ్నం భోజనం లేదు. బస్సు చార్జీ మిగులుతుందని నడక. రాత్రి ఆకలేస్తే అప్పడం, కప్పు పాలు.

1921లో ఎం.ఎస్సీ., 1922లో బారిస్టరు పట్టా వచ్చాయి. డి.ఎస్సీ. కోసం రూపాయి సమస్య మీద రాసిన పరిశోధనను పరీక్షకులు మార్చి రాయమన్నారు. అప్పటికి డబ్బులైపోయి 1923లో తిరిగి వచ్చేశారు. ఇక్కడి నుంచే సరిదిద్ది పంపారు. తన అభిప్రాయాలు వదులుకోకుండానే ఆ పట్టా సంపాదించారు. ఒక సబ్జెక్టు పోయిందని మంచం ఎక్కి ముసుగు తన్నేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఒక మాట కూడా చెప్పాలి. ఆ పస్తులు ఊరికే పోలేదు. పెద్దయ్యాక మధుమేహం, కీళ్ల నొప్పులు ఆయన్ని బాగా పీడించాయి. ఇంట్లో పేదరికంలో నలుగురు పిల్లలు చనిపోయారు. రమాబాయి 1935 మే 27న కన్నుమూశారు. కాబట్టి ఆయన పట్టుదలను నేర్చుకుందాం గానీ పస్తులను కాదు. ఆయన పస్తులుండి సాధించింది మనం కడుపు నిండా తిని చదువుకోవడానికే.

హాస్టళ్లు కట్టిన తండ్రి

బారిస్టరు అయిన మరుసటి సంవత్సరాల్లోనే ఆయన చేసిన పని ఏమిటో తెలుసా? 1924 జూలై 20న బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. 1925 జనవరిలో ఆ సభ తరఫున షోలాపూర్‌లో హాస్టల్ తెరిచారు. తిండి, బట్ట, చోటు ఉంటే తప్ప మన పిల్లలు బడిలో నిలబడలేరని ఆయనకు చాల్ గదిలోనే తెలుసు. వైస్రాయ్ కౌన్సిల్లో సభ్యుడిగా ఉన్న కాలంలో, 1944లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. మనం ఫారం నింపి, కుల, ఆదాయ ధ్రువపత్రాలు జత చేసి ఎదురుచూసే స్కాలర్‌షిప్‌కు అదే మొదలు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల పెట్టారు.

1942లో నాగపూర్‌లో జరిగిన మహిళా సభలో ఆడబిడ్డలకు తండ్రిలా చెప్పారు. శుభ్రంగా ఉండమన్నారు, దుర్వ్యసనాలకు దూరంగా ఉండమన్నారు, పెళ్లికి తొందరపడవద్దన్నారు, భర్తకు బానిసగా కాక స్నేహితురాలిగా, సమానంగా నిలబడమన్నారు. మన చెల్లెళ్లు ఈ మాటలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 1953 జనవరి 12న మన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చి తనను తాను గౌరవించుకుంది. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు.

వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

ఈ జీవితం నుంచి మూటగట్టుకుని వెళ్లాల్సినవి కొన్ని చెప్పి ముగిస్తాం.

డబ్బు రాగానే మూడు భాగాలు చేయండి. ఇంటికి, తిండికి, పుస్తకానికి. మిగిలితే మిగతావి. ఖర్చు చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి.

ఏ కాగితం మీదైనా చదివాకే సంతకం చేయండి. ఉద్యోగాల్లో బాండు రాయించుకుంటారు, ఎన్నేళ్లో చూసుకోండి. సర్టిఫికెట్ల జిరాక్సులు రెండు సెట్లు వేరు వేరు చోట్ల ఉంచండి. ఒకే ఓడలో అన్నీ పంపితే ఏమవుతుందో చూశాం కదా.

అన్నం, పప్పు, ఒక కూర వండటం, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసుకోవడం వెళ్లకముందే నేర్చుకోండి. మగపిల్లలకూ ఇది వర్తిస్తుంది. బాబాసాహెబ్ ఎప్పుడూ చక్కని దుస్తుల్లో ఉండేవారు. అది సోకు కాదు. తల వంచుకుని నడవమన్న లోకానికి ఆయన ఇచ్చిన జవాబు.

మొదటి నెలల్లో సరదా అందరినీ లాగుతుంది. ఆయన్నీ లాగింది. నిద్ర పట్టని ఆ రాత్రి మీకు త్వరగా రావాలని కోరుకుంటున్నాం.

చివరగా, మీరు సంపాదించడం మొదలుపెట్టాక ఈ హాస్టల్‌ను మరవకండి. ఏడాదికి ఒక్కసారి రండి. పదో తరగతి పిల్లలతో ఒక పూట కూర్చోండి. ఒక డిక్షనరీ తెచ్చి ఇవ్వండి. రామ్జీ ఒక్క కొడుకును రాత్రి రెండింటికి నిద్ర లేపారు. ఆ కొడుకు మనందరినీ లేపాడు. ఇక మన వెనక వచ్చేవాళ్లను లేపాల్సింది మనమే.

జై భీమ్.